యాంటీ డ్రోన్ వ్యవస్థల ఆర్ఎఫ్ యాంప్లిఫయర్ మాడ్యూల్‌ను బెంచ్ మీద పరీక్షించడం ఎలా

2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్లతో దాడి జరిగిన తర్వాత, డ్రోన్లను పసిగట్టి అడ్డుకునే వ్యవస్థలకు మన దేశంలో గిరాకీ బాగా పెరిగింది. చంద్రాయణగుట్టలో డీఆర్‌డీవో ప్రయోగశాల, నాచారంలో భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్, వాటి చుట్టూ అల్లుకున్న చిన్న కంపెనీలు హైదరాబాద్‌లో ఉన్నందున, ఆ పనిలో కొంత భాగం జాబ్ వర్కు రూపంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ దాకా వస్తున్నది. మా బెంచ్ మీదికి ఎక్కువగా వచ్చేది ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) పవర్ యాంప్లిఫయర్ మాడ్యూల్, అంటే డ్రోన్ రేడియో సంకేతాలను అడ్డుకునే జామర్‌లో సిగ్నల్ బలాన్ని పెంచే భాగం. చూడటానికి అరచేతి వెడల్పు ఉన్న అల్యూమినియం డబ్బా, ఒక పక్క ఎస్ఎంఏ కనెక్టర్‌తో ఇన్‌పుట్, ఇంకో పక్క ఎన్ టైపు కనెక్టర్‌తో అవుట్‌పుట్, మధ్యలో 28 వోల్టుల తీగలు, అంతే. అది కాగితం మీద రాసినంత పవర్ ఇస్తున్నదా, మన మే నెల ఎండలో కూడా ఇస్తుందా అని తేల్చడమే పరీక్షించేవాడి పని. ఈ పనికి కొత్తగా వచ్చే డిప్లొమా, బీటెక్ పిల్లల కోసం ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నింటికంటే ముందు చట్టం సంగతి చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించినవారు తప్ప మరెవరూ సిగ్నల్ జామర్లు వాడరాదని, ప్రైవేటు వ్యక్తులు, సంస్థలు వాటిని కొనడానికి కూడా వీల్లేదని టెలికాం శాఖ 2022 జూలైలో స్పష్టంగా హెచ్చరించింది. కాబట్టి మన బెంచ్ మీద జరిగే పరీక్ష యావత్తూ డమ్మీ లోడ్ (పవర్‌ను గాలిలోకి పంపకుండా వేడిగా మార్చుకునే నిరోధకం) లోకే జరగాలి. యాంటెన్నా అన్నది ఆ గదిలోనే ఉండకూడదు. గాలిలోకి ప్రసారం చేసి చూడవలసిన పరీక్ష ఏదైనా ఉంటే అది లైసెన్సు ఉన్న సంస్థ తనకు అనుమతించిన చోట చేసుకుంటుంది. ఇది కేవలం చట్టానికి భయపడి చెప్పే మాట కాదు. 50 వాట్ల మాడ్యూల్‌కు 10 డీబీఐ యాంటెన్నా (పవర్‌ను ఒక దిక్కుకు పది రెట్లు కేంద్రీకరించేది) తగిలిస్తే దాని ఎదుట ఒక మీటరు దూరంలో చదరపు మీటరుకు దాదాపు 40 వాట్ల సాంద్రత ఉంటుంది. 2 గిగాహెర్ట్జ్ పైన మొబైల్ టవర్ల విషయంలో ప్రజల కోసం మన దేశం 2012 సెప్టెంబరు నుంచి పాటిస్తున్న పరిమితి చదరపు మీటరుకు 1 వాట్ మాత్రమే. ఆరు మీటర్లకు పైగా దూరం జరిగితే తప్ప ఆ పరిమితిలోకి రాము. మన టెస్టింగ్ గదుల పొడవే అంత ఉండదు.

బెంచ్, ఎర్తింగ్, కరెంటు

ఉదాహరణకు 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ వరకు పనిచేసే, 28 వోల్టుల, 50 వాట్ల గాలియం నైట్రైడ్ (ట్రాన్సిస్టర్ల తయారీకి వాడే సెమీకండక్టర్) మాడ్యూల్‌ను తీసుకుందాం. 50 వాట్లంటే 47 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే కొలత). దీని పరీక్షకు సిగ్నల్ జనరేటర్, స్పెక్ట్రమ్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీ వద్ద ఎంత పవర్ ఉందో చూపే పరికరం), 28 వోల్టుల వద్ద కనీసం 8 ఆంపియర్లు ఇవ్వగల పవర్ సప్లై, 100 వాట్లు తట్టుకునే 30 డీబీ (డెసిబెల్) అటెన్యుయేటర్, అంటే సిగ్నల్‌ను వెయ్యో వంతుకు తగ్గించేది, దాని తర్వాత పెట్టడానికి 2 వాట్ల 20 డీబీ అటెన్యుయేటర్, ఫ్యాన్ ఉన్న హీట్ సింక్, కె టైపు థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కావాలి. బెంచ్‌కు షాబాద్ బండ పరిస్తే వేడికి చలించదు, సమతలంగా ఉంటుంది. అయితే దాని మీద స్థిరవిద్యుత్తును నేలకు పంపే రబ్బరు మ్యాటు తప్పనిసరిగా ఉండాలి.

నల్లగొండ నేల సంగతి తెలిసిందే కదా, రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది. అందుకే ఇక్కడ ఎర్తింగ్ గుంత తవ్వించి ఉప్పు, బొగ్గు వేసినంత మాత్రాన పని పూర్తయినట్టు అనుకోకూడదు. వానాకాలంలో 3 ఓంలు చూపిన గుంత ఏప్రిల్ వచ్చేసరికి ఎండిపోయి అంతకు ఎన్నో రెట్లు చూపుతుంది. నెలకొకసారి కొలవాలి, ఎండాకాలంలో రోజూ ఒక బిందె నీళ్లు పోయాలి. ఆ రోజుల్లో గాలి పొడిగా ఉంటుంది గనుక ఒంటి మీది నైలాన్ చొక్కా కూడా ట్రాన్సిస్టర్ గేటును (దాని కరెంటును అదుపు చేసే కొసను) కాల్చగలదు. మణికట్టు పట్టీ లేకుండా మాడ్యూల్ మూత తీయకూడదు. ఎయిర్ కూలర్ పెట్టుకోవచ్చు గాని, దాని గాలి బెంచ్ మీదికి రాకూడదు. తడిగాలితోపాటు కూలర్ గడ్డి పొట్టు వచ్చి కనెక్టర్లలో చేరుతుంది. మిర్యాలగూడ వైపు రైసుమిల్లుల దగ్గర పనిచేసేవారికి ఊక దుమ్ముతో ఇదే తంటా.

కరెంటు విషయంలో మనకున్న చిక్కు మరొకటి ఉంది, దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్ స్వభావం విచిత్రమైనది: గేటుకు ఏమీ ఇవ్వకపోతే అది మూసుకోదు, పూర్తిగా తెరుచుకుంటుంది. దాన్ని మూసి ఉంచాలంటే గేటుకు మైనస్ వోల్టేజి, సాధారణంగా మైనస్ 5 వోల్టులు, ఇస్తూనే ఉండాలి. గేటు వోల్టేజి లేకుండా డ్రెయిన్‌కు (అసలు కరెంటు లోపలికి వచ్చే కొసకు) 28 వోల్టులు తగిలితే, అడ్డూ ఆపూ లేని కరెంటు పారి ట్రాన్సిస్టర్ క్షణంలో పోతుంది. అందువల్ల ఆన్ చేసేటప్పుడు ముందు గేటు మైనస్ 5, తర్వాత డ్రెయిన్ 28, ఆ తర్వాత గేటును మెల్లగా పైకి తెస్తూ డేటాషీట్‌లో చెప్పిన నిశ్చల కరెంటు (సిగ్నల్ లేనప్పుడు పారే కరెంటు) వద్ద ఆపడం, అన్నింటికన్నా చివర ఆర్ఎఫ్ సిగ్నల్. ఆపేటప్పుడు ఇదే వరుసను వెనక నుంచి నడపాలి. చాలా మాడ్యూళ్లలో ఈ వరుసను చూసుకునే సర్క్యూట్ లోపలే ఉంటుంది. మూత లేని పాలెట్ రూపంలో వచ్చినవాటికి మాత్రం ఆ బాధ్యత మనదే.

ఇంత జాగ్రత్తగా ఆన్ చేసిన తర్వాత, పరీక్ష సగంలో ఉండగా కరెంటు పోయిందనుకోండి. గేటుకు వాడిన చిన్న అడాప్టర్ వెంటనే ఆగిపోతుంది. డ్రెయిన్ సప్లైలో పెద్ద కెపాసిటర్లు ఉంటాయి కాబట్టి అది ఇంకా కొంతసేపు 28 వోల్టులను పట్టుకునే ఉంటుంది. ట్రాన్సిస్టర్ పోవడానికి ఆ కాస్త వ్యవధి చాలు. పక్క పొలంలో బోరు మోటార్లు ఒక్కసారి ఎత్తుకున్నప్పుడు లైన్ వోల్టేజి జారినా ఇదే ప్రమాదం. అందుకే గేటు సప్లైని యూపీఎస్ మీద పెట్టి, డ్రెయిన్ తీగను ఒక రిలే ద్వారా నడిపి, గేటు వోల్టేజి ఉన్నంతసేపే ఆ రిలే కరెంటును పోనిచ్చేలా కట్టుకోవాలి. ఖర్చు వందల్లో ఉంటుంది, కాపాడేది వేలల్లో విలువ చేసే ట్రాన్సిస్టర్‌ను. మా దగ్గర ఈ రిలే లేని రోజుల్లో ఒకే వేసవిలో రెండు పాలెట్లు పోయాయి. రెండూ కరెంటు పోయిన మధ్యాహ్నాలే.

అటెన్యుయేటర్ల వరుస, నష్టం లెక్క

మామూలు స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఇన్‌పుట్ 1 వాట్, అంటే 30 డీబీఎం దాటితే తట్టుకోదు. 47 డీబీఎం నుంచి మొదట 30 డీబీ తగ్గిస్తే 17 డీబీఎం, అంటే 50 మిల్లీవాట్లు మిగులుతుంది. ఆ తర్వాతి 20 డీబీ అటెన్యుయేటర్ దాన్ని మైనస్ 3 డీబీఎంకు దించుతుంది. ఎనలైజర్‌కు అది హాయి. ఈ రెంటిలో మాడ్యూల్‌కు దగ్గరగా ఉండవలసింది ఎప్పుడూ ఎక్కువ వాట్లు తట్టుకునేదే. పెద్ద అటెన్యుయేటర్లలో కొన్నింటికి ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని గుర్తులు ఉంటాయి. అవి తారుమారైతే ఒంటి మీద వంద వాట్లని రాసి ఉన్నా తట్టుకోలేవు.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఒకరోజు సాయంత్రం తొందరలో నేనే చిన్నదాన్ని ముందు బిగించాను. ఆర్ఎఫ్ ఇచ్చిన పది సెకన్లలోపే ఎనలైజర్ తెర మీది గీత ఒక్కసారి కిందికి పడిపోయింది, మాడ్యూల్ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఇంతలో కాలిన వార్నిష్ వాసన వచ్చింది. వేలెడంత ఉన్న ఆ అటెన్యుయేటర్ రంగు బుడగలు కట్టింది. లోపలి రెసిస్టర్ తెగిపోవడంతో 50 వాట్లూ వెనక్కి తిరిగి మాడ్యూల్‌నే కొట్టాయి. ఆ మాడ్యూల్ అవుట్‌పుట్‌లో ఐసోలేటర్ (వెనక్కి వచ్చే పవర్‌ను మింగేది) ఉంది కాబట్టి బతికింది. లేనిదైతే చివరి ట్రాన్సిస్టర్ కూడా దానితోపాటే పోయేది. అప్పటి నుంచి పెద్ద అటెన్యుయేటర్‌ను మాడ్యూల్ వైపు కేబుల్‌కే శాశ్వతంగా బిగించి ఎర్ర టేపు చుట్టి ఉంచాను.

కొలత మొదలుపెట్టక ముందే కేబుళ్లు, అటెన్యుయేటర్లు కలిసి ఎంత తింటున్నాయో తెలుసుకోవాలి. పెట్టెల మీద రాసిన 30, 20 కలిపి 50 అనుకుంటే మోసపోతాము. మాడ్యూల్ లేకుండా జనరేటర్ నుంచి 0 డీబీఎంను నేరుగా ఆ దారిలో పంపి, ఎనలైజర్ ఎంత చూపుతుందో చూడాలి. మైనస్ 50.8 చూపితే నష్టం 50.8 డీబీ. పరీక్షించబోయే ప్రతి ఫ్రీక్వెన్సీ వద్ద, రెండో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు వద్ద పుట్టే అక్కరలేని సిగ్నల్) వచ్చే 4.9 గిగాహెర్ట్జ్ వద్ద కూడా ఇలా కొలిచి రాసుకోవాలి. అర డీబీ తేడాతో ఏమవుతుందిలే అనిపించవచ్చు. కానీ అర డీబీ పొరపాటు పడితే 50 వాట్ల మాడ్యూల్ 45 వాట్లుగానో 56 వాట్లుగానో కనబడుతుంది. మంచిదాన్ని తిప్పి పంపడమో, చెడ్డదాన్ని పాస్ చేయడమో జరుగుతుంది.

కనెక్టర్లు బిగించేటప్పుడు నట్టును మాత్రమే తిప్పాలి, కేబుల్‌ను గాని కనెక్టర్ ఒంటిని గాని తిప్పకూడదు. స్టీలు ఎస్ఎంఏకు సుమారు 0.9 న్యూటన్ మీటర్ల టార్క్ పానా వాడాలి. బిగించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దుమ్ము తుడవాలి. వదులు కనెక్టర్ ఉన్నదని తెలుసుకోవడానికి మాకొక మోటు గుర్తు ఉంది: 2.4 గిగాహెర్ట్జ్ మాడ్యూల్ నడుస్తుండగా పక్కగదిలో వైఫై తడబడితే ఎక్కడో లీకవుతున్నదని అర్థం, వెంటనే ఆర్ఎఫ్ ఆపి వెతకాలి.

గెయిన్, పవర్, అక్కరలేని సిగ్నళ్లు

మొదట ఇన్‌పుట్‌కు 50 ఓంల టెర్మినేషన్ (సిగ్నల్‌ను మింగే చిన్న నిరోధకం) పెట్టి, సిగ్నల్ ఏమీ ఇవ్వకుండా మాడ్యూల్‌కు సప్లై ఇవ్వాలి. నిశ్చల కరెంటు డేటాషీట్‌తో సరిపోతున్నదా చూసి, ఎనలైజర్‌ను 10 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ వరకు తిప్పాలి. సిగ్నల్ ఇవ్వకుండానే ఎక్కడైనా శిఖరం కనబడితే మాడ్యూల్ తనంతట తాను డోలనం చేస్తున్నదన్నమాట. దాన్ని అక్కడితో ఆపేసి పక్కన పెట్టాలి. తర్వాతి కొలతలేవీ నమ్మదగినవి కావు.

అది దాటితే జనరేటర్‌ను మైనస్ 20 డీబీఎం వద్ద మొదలుపెట్టి, ఒక్కో డీబీ పెంచుతూ అవుట్‌పుట్ రాసుకోవాలి. మా దగ్గరికి వచ్చిన ఒక మాడ్యూల్ మైనస్ 20కి 29 డీబీఎం ఇచ్చింది, అంటే గెయిన్ (ఇన్‌పుట్ కంటే అవుట్‌పుట్ ఎంత పెరిగిందన్నది) 49 డీబీ. మైనస్ 10కి 39, అదే గెయిన్. మైనస్ 4కి 44.6, మైనస్ 2కి 46. ఇక్కడ గెయిన్ 48కి, అంటే సరిగ్గా ఒక డీబీ తగ్గింది. 0 డీబీఎం ఇస్తే 47 వచ్చింది. దీన్నిబట్టి అమ్మినవారు ‘50 వాట్లు’ అన్నది అబద్ధం కాదు. కానీ అది మాడ్యూల్‌ను రెండు డీబీలు నలిపితే వచ్చే 50 వాట్లు. గెయిన్ ఒక డీబీకి మించి పడిపోకుండా ఇచ్చేది 40 వాట్లే. కొనేవారికి ఈ రెండు అంకెలూ వేర్వేరుగా చెప్పాలి. ఒకే అంకె రాసిన టెస్ట్ రిపోర్టు నా దృష్టిలో సగం రిపోర్టే.

పూర్తి పవర్ వద్ద రెండో హార్మోనిక్‌ను 4.9 గిగాహెర్ట్జ్ వద్ద చూడాలి. ఫిల్టర్ లేని మాడ్యూల్‌లో అది అసలు సిగ్నల్ కంటే 30 డీబీ తక్కువగా ఉన్నా 17 డీబీఎం, అంటే 50 మిల్లీవాట్లు. ఇతరుల బ్యాండ్‌లో అంత పడటం చిన్న విషయం కాదు. అయితే ఆ హార్మోనిక్ మాడ్యూల్‌దా, ఎనలైజర్ లోపల పుట్టిందా అన్నది తేల్చుకోవాలి. ఎనలైజర్ లోపలి అటెన్యుయేషన్‌ను 10 డీబీ పెంచి చూడండి. హార్మోనిక్ రీడింగ్ కదలకపోతే అది మాడ్యూల్‌దే, మారితే ఎనలైజర్‌ది.

మిస్‌మ్యాచ్ పరీక్ష, అంటే పొసగని లోడ్ పెట్టి వెనక్కి వచ్చే పవర్‌ను మాడ్యూల్ తట్టుకుంటుందా అని చూడటం, అడిగితే మాత్రమే చేయాలి. దానికి అవుట్‌పుట్‌ను ఖాళీగా వదిలేయకూడదు. తగిన వాట్లు తట్టుకునే 3 డీబీ అటెన్యుయేటర్ బిగించి దాని చివర తెరిచి ఉంచితే, సిగ్నల్ వెళ్లేటప్పుడు 3, తిరిగి వచ్చేటప్పుడు 3 తగ్గి, 6 డీబీ రిటర్న్ లాస్, అంటే దాదాపు 3:1 వీఎస్‌డబ్ల్యూఆర్ (లోడ్ ఎంత పొసగలేదో చెప్పే నిష్పత్తి) అవుతుంది. పావు వంతు పవర్ వెనక్కి వస్తుంది. కొన్ని సెకన్లు ఇచ్చి కరెంటు ఎంత పెరిగిందో చూసి ఆపేయాలి. తెరిచిన చివర నుంచి కొంత లీకవుతుంది గనుక, అక్కడ షార్ట్ క్యాప్ బిగించడమే మేలు. ఫలితం అంతే ఉంటుంది.

వేడి

ఇక అసలు పరీక్ష. డేటాషీట్‌లోని అంకెలు చాలావరకు 25 డిగ్రీల వద్దివి. మన దగ్గర మే నెలలో బయట నీడలోనే 44, 45 డిగ్రీలు ఉంటుంది. 50 వాట్లు ఇచ్చే మాడ్యూల్ 40 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 28 వోల్టుల వద్ద దాదాపు 4.5 ఆంపియర్లు, అంటే 125 వాట్లు తీసుకుంటుంది. అందులో 75 వాట్లు వేడిగా మారుతుంది. ఫ్యాన్‌తో కలిపి వాట్‌కు 0.3 డిగ్రీల ఉష్ణ నిరోధం ఉన్న హీట్ సింక్ అయితే పరిసరం కంటే 22.5 డిగ్రీలు పెరుగుతుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో అడుగు భాగం 47.5 వద్ద నిలుస్తుంది. నల్లగొండ మధ్యాహ్నం అదే 67.5 అవుతుంది. ఎండలో వాహనం మీద బిగించిన మూసిన పెట్టెలో లోపలి గాలే 60 డిగ్రీలు ఉంటే 82.5కు చేరుతుంది. అడుగు భాగానికి 85 డిగ్రీల హద్దు ఉన్న మాడ్యూల్‌కు అప్పుడు మిగిలేది రెండున్నర డిగ్రీలే.

హీట్ సింక్ మీద మాడ్యూల్‌ను కూర్చోబెట్టేటప్పుడు థర్మల్ పేస్ట్ దట్టంగా పూస్తే మేలనుకుంటారు చాలామంది. నిజానికి అది లోహాల మధ్య సందులను నింపడానికే; కింది లోహం లీలగా కనిపించేంత పలుచగా ఉండాలి. మరలను ఒక మూల బిగించి దాని ఎదుటి మూలకు వెళుతూ, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఒకసారి పరీక్ష అయ్యాక మాడ్యూల్‌ను విప్పి అడుగు చూస్తే పేస్ట్ ఎక్కడ అంటుకున్నదో, ఎక్కడ తాకనే లేదో తెలుస్తుంది. నేను చూసిన వాటిలో మధ్యలో అర్ధరూపాయంత పేస్ట్ చెక్కుచెదరకుండా ఉన్న మాడ్యూల్ ఒకటి; సరిగ్గా దాని మీదే చివరి ట్రాన్సిస్టర్ ఉంది. హీట్ సింక్ అక్కడ పల్లంగా ఉందని అప్పుడు తెలిసింది.

థర్మోకపుల్‌ను రెక్కల మీద కాదు, మాడ్యూల్ అడుగున చివరి ట్రాన్సిస్టర్‌కు దగ్గరగా పెట్టాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే అల్యూమినియాన్ని తక్కువ వేడిగా చూపుతుంది, అది వాడక తప్పకపోతే నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి. ఏసీ కట్టేసి, గది ఉష్ణోగ్రత 45 దగ్గరికి వచ్చాక, మాడ్యూల్‌ను పూర్తి పవర్‌తో గంటసేపు నడపాలి. వేసవి కాకపోతే థర్మాకోల్ పెట్టెలో బల్బు పెట్టి ఆ వేడి తెప్పించుకోవచ్చు, బల్బు మాత్రం పెట్టె గోడలకు తగలకూడదు. ప్రతి ఐదు నిమిషాలకు అవుట్‌పుట్, కరెంటు, అడుగు ఉష్ణోగ్రత రాయాలి. పైన చెప్పిన మాడ్యూలే మొదటి నిమిషంలో 47 డీబీఎం ఇచ్చి, నలభయ్యో నిమిషానికి 46.1కి, అంటే 41 వాట్లకు దిగి అక్కడ నిలిచింది. నిలిస్తే ఫరవాలేదు, దిగుతూనే ఉంటే గాని, అవుట్‌పుట్ తగ్గుతుండగా కరెంటు పెరుగుతుంటే గాని వెంటనే ఆపాలి.

ఆపేటప్పుడు ముందు ఆర్ఎఫ్, తర్వాత గేటును మైనస్ 5కు దించడం, తర్వాత డ్రెయిన్, చివరికి గేటు. ఫ్యాన్‌ను ఇంకో పది నిమిషాలు తిరగనివ్వాలి. కనెక్టర్లకు టోపీలు పెట్టి, మాడ్యూల్ సీరియల్ నంబరుతోపాటు గది ఉష్ణోగ్రతను, నష్టం లెక్క తీసిన తేదీని రిపోర్టు పై వరుసలోనే రాయాలి. ఆ రెండూ లేని రిపోర్టును హైదరాబాద్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ మొదటి పేజీలోనే తిప్పి పంపుతాడు.